ముందు కొరికిందెవరు?

నల్లమల అంచున పశువుల డాక్టరుగా పనిచేసిన వాళ్లెవరికైనా ఈ పంచాయితీ తెలుసు. తెల్లారేసరికి దొడ్డిలో ఒక జీవం చచ్చి పడి ఉంటుంది. పొట్ట చీలి ఉంటుంది, ఒక తొడ ఉండదు. చిరుత చంపిందని తేలితే అటవీ శాఖ నుంచి పరిహారం వస్తుంది. ఊరకుక్కలు చంపితే రాదు. ఫారెస్టు వాళ్లు ఒక పక్క, కాపరి ఒక పక్క నిలబడి ఉంటారు. మధ్యలో కూర్చుని పోస్టుమార్టం చేయాల్సింది మనం.

"చిరుతే సామీ. మా పిల్లోడు కళ్లారా చూసినాడు. రాసేయండి" అంటాడు పెద్దాయన. ఆ పిల్లోడిని పిలవమంటే పొద్దున్నే బస్సెక్కి ఎటో పోయి ఉంటాడు.

అప్పుడు మెడ దగ్గర తోలు ఒలుస్తాం. పైనుంచి చూస్తే చిన్న చిన్న చిల్లులే, వెంట్రుకలు పక్కకు తీసి వెతికితే గానీ కనబడవు. తోలు లేపాక అసలు సంగతి తెలుస్తుంది. చిల్లుల చుట్టూ కండ నల్లగా కమిలి, నెత్తురు గడ్డకట్టి ఉంటే కాటు పడేటప్పటికి గుండె ఇంకా కొట్టుకుంటోందన్నమాట. చచ్చాక కొరికితే కండ చిరుగుతుంది కానీ నెత్తురు అలా గూడు కట్టదు. చిరుత గొంతు పట్టి ఊపిరాడనివ్వదు. కుక్కలు వెనక కాళ్లు, పొదుగు, తోక, ఎక్కడ చిక్కితే అక్కడ పీకుతాయి. కోరపళ్ల చిల్లుల మధ్య దూరం కొలిచి రాసుకుంటాం. ఇంతా చేస్తే చాలాసార్లు రెండు రకాల కాట్లూ ఉంటాయి. రాత్రి చిరుత తినిపోయిన దాన్ని తెల్లవారుజామున కుక్కలు పట్టుకుంటాయి. రిపోర్టులో తేల్చాల్సింది ఎవరు తిన్నారన్నది కాదు, ముందు ఎవరు అన్నది.

రిటైరయ్యాక ఆదిమానవుల మీద, వాళ్లు వేటాడిన జంతువుల మీద చదవడం మొదలుపెట్టాను. ఆ ఎముకల్ని పరిశోధించే శాస్త్రవేత్తలదీ ఇదే పంచాయితీ అని అప్పుడు తెలిసింది. కాకపోతే వాళ్ల ముందున్న జీవం చచ్చి లక్షల ఏళ్లయింది. తోలు లేదు, కండ లేదు, బస్సెక్కి పోవడానికి సాక్షి కూడా లేడు. ఉన్నది ఎముక ఒక్కటే. మన పేపర్లలో మాత్రం గుహలో ఎముక దొరికితే చాలు, "ఆదిమానవులు వేటాడిన జంతువుల అవశేషాలు" అని హెడ్డింగు పెట్టేస్తారు. పోస్టుమార్టం లేకుండానే చిరుత అని రాసేసినట్టే ఇది.

ఈ తొందర పెద్ద పెద్ద వాళ్లకూ తప్పలేదు. రేమండ్ డార్ట్ జొహనెస్‌బర్గ్‌లో అనాటమీ ప్రొఫెసర్. టాంగ్ అనే చోట దొరికిన పిల్ల పుర్రె చూసి, ఇది మనిషి పూర్వీకుల తరఫుది అని 1925లో ధైర్యంగా చెప్పినవాడు. ఆ మాట నిలబడింది. తర్వాత ఆయన మకపాన్స్‌గాట్ అనే గుహలో దొరికిన వేల ఎముకలు ముందేసుకున్నాడు. అందులో ఒక తేడా ఆయనకు కొట్టొచ్చినట్టు కనబడింది. జింక జాతి జంతువుల ముందుకాలి పై ఎముక, మేం హ్యూమరస్ అంటాం, దాని కింది కొసలు బోలెడున్నాయి. పై కొసలు పదో వంతు కూడా లేవు. ఇలా ఏరినట్టు ఉండాలంటే ఎవరో కావాలని ఏరి ఉండాలి అనుకున్నాడు. ఆ కొసలు గదల్లాగా వాడారు, దవడలు రంపాలయ్యాయి, కొమ్ములు బాకులయ్యాయి, మన పూర్వీకులు పుట్టు వేటగాళ్లు, పుట్టు హంతకులు అని 1950లలో ఒక సిద్ధాంతమే కట్టాడు. జనానికి అది తెగ నచ్చింది. రక్తం ఉన్న కథ ఎప్పుడూ బాగా అమ్ముడుపోతుంది కదా.

దాన్ని మెల్లగా విప్పింది బాబ్ బ్రెయిన్. ప్రిటోరియాలో ట్రాన్స్‌వాల్ మ్యూజియంలో పనిచేసేవాడు, తర్వాత దానికే డైరెక్టరయ్యాడు. 2023లో పోయాడు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది మేకల పని.

నమీబియా ఎడారిలో కుయిసెబ్ అనే నది ఉంది. దాని ఒడ్డున టొప్నార్ జనం మేకల్ని మేపుకుని బతుకుతారు. మేకను కోస్తారు, వండుకుంటారు, మూలుగ కోసం ఎముక పగలగొట్టి పీలుస్తారు, మిగిలింది బయట పారేస్తారు. దాన్ని కుక్కలు నములుతాయి. ఆ తర్వాత ఎండ. 1960లలో బ్రెయిన్ ఆ గుడిసెల చుట్టూ తిరిగి, పారేసిన మేక ఎముకలన్నీ ఏరి లెక్కపెట్టాడు. ఎవరూ ఏదీ ఏరి దాచుకోలేదని, గదలు చేసుకోలేదని ఆయనకు ముందే తెలుసు. అయినా లెక్క చూస్తే హ్యూమరస్ కింది కొసలు డజన్ల కొద్దీ ఉన్నాయి, పై కొస ఒక్కటీ లేదు. డార్ట్ గుహలో కనబడిన తేడాయే, ఇంకా ఎక్కువగా.

మటన్ తినే వాళ్లకు దీని కారణం నోటికే తెలుస్తుంది. ముందుకాలి ముక్క ప్లేటులో పడినప్పుడు ఒకసారి చూడండి. కింది కొస బావి గిలకలా గాడి పడి, గట్టిగా, నున్నగా ఉంటుంది. పన్ను దిగదు. పై కొస గుండ్రటి తల. లేత పొట్టేలుదైతే కూరలో ఉడికేసరికి టోపీ ఊడినట్టు విడిగా వచ్చేస్తుంది. లోపల అంతా చిల్లుల చిల్లుల మెత్తటి ఎముక, దాన్నిండా కొవ్వు. మేకలో కింది కొస ఏడాదికల్లా ఎముకతో కలిసి గట్టిపడిపోతుంది. పై కొస కలవడానికి మూడేళ్లు దాటుతుంది. ఆ వయసు దాకా మాంసం మేకను ఎవరు ఉంచుతారు? కుక్కకు ఏది దక్కుతుంది, నేలకు ఏది మిగులుతుంది అనేది జంతువు ఒంట్లోనే రాసి ఉంది. మేం ఇదంతా కాలేజీలో రెండో ఏడు చదువుకుని, పళ్లతో పాటు ఎముక కొసలు చూసి వయసు చెప్పడం నేర్చుకుని, పరీక్ష రాసి మర్చిపోయాం. బ్రెయిన్ దాన్ని పట్టుకుని ఒక పెద్ద సిద్ధాంతాన్ని కూలదోశాడు.

ఆయన అక్కడితో ఆగలేదు. దక్షిణాఫ్రికాలో స్వార్ట్‌క్రాన్స్ అనే గుహను 1965 నుంచి ఇరవై ఏళ్లకు పైగా తవ్వాడు. అక్కడ దొరికిన పాత పుర్రెల్లో ఒక పిల్ల మానవుడి పుర్రె పెంకు ఉంది. పారాంత్రొపస్ అనే జాతిది, అంతరించిపోయిన మన చుట్టం. దాని వెనక భాగంలో రెండు గుండ్రటి చిల్లులు. డార్ట్ తరహాలో ఆలోచిస్తే ఎవరో కొట్టి చంపారనాలి. బ్రెయిన్ అదే గుహలో దొరికిన చిరుత దవడ తెచ్చి పెట్టి చూశాడు. కింది కోరపళ్లు రెండూ ఆ చిల్లుల్లో సరిగ్గా కూర్చున్నాయి. చిల్లుల మధ్య దూరం కొలవడం మాకు రోజువారీ పని. కానీ పదిహేను లక్షల ఏళ్లు దాటిన కేసులో కొలిచి, పళ్లు తెచ్చి సరిపోల్చి చూపించడం అంటే నాకు నిజంగానే ఒళ్లు జలదరించింది.

ఆ ఎముకలు గుహలోకి ఎలా వచ్చాయన్నదానికీ ఆయన దగ్గర జవాబుంది. ఆ ప్రాంతం గడ్డి మైదానం, చెట్లు తక్కువ. సున్నపురాయి గుహల నోళ్ల దగ్గర తేమ ఉంటుంది కాబట్టి చెట్లు అక్కడే పెరుగుతాయి. దుమ్ములగొండ్ల బెడద తప్పించుకోవడానికి చిరుత తన వేటను చెట్టెక్కించి తింటుంది. తినగా మిగిలింది కింద గుహలో పడుతుంది. అంటే అక్కడ మన పూర్వీకులూ వాళ్ల చుట్టాలూ వేటగాళ్లు కాదు, వేట. టాంగ్ పిల్ల పుర్రె సంగతీ అంతే. దాని మీద ఉన్నవి పెద్ద గద్ద గోళ్లూ ముక్కూ చేసిన గాట్లు అని తర్వాతి వాళ్లు చూపించారు. హంతక జాతికి సాక్ష్యం అనుకున్న పిల్లను గద్ద ఎత్తుకుపోయిందన్నమాట.

అదే స్వార్ట్‌క్రాన్స్‌లో కొసలు అరిగి నున్నబడిన ఎముకలు కూడా దొరికాయి. వాటిని పనిముట్లని బ్రెయిన్ చూడగానే అనేయలేదు. అలాంటి ఎముకలతో తానే నేల తవ్వి, అరుగుదల ఎలా వస్తుందో పోల్చి చూసి, దుంపలు తవ్వడానికి వాడి ఉంటారన్నాడు. 2001లో లూసిండా బ్యాక్‌వెల్, ఫ్రాంచెస్కో దెరికో మళ్లీ సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఆ గీతలు చెదపుట్టలు తవ్వితే వచ్చే గీతలకు దగ్గరగా ఉన్నాయన్నారు. ఇది చదివి నవ్వుకున్నాను. మా వైపు తొలకరికి ఉసిళ్లు, అంటే రెక్కల చెదలు, లేస్తే దీపం పెట్టి పట్టి, వేయించి బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్లం. ఆదిమానవుడి భోజనం అంటే అందరూ ఏనుగునీ అడవిదున్ననీ ఊహించుకుంటారు. చెదలు తింటున్న బొమ్మ ఏ మ్యూజియం గోడ మీదా నేను చూడలేదు.

ముందు ఎవరు అనే ప్రశ్నకు రాతి గాటే సాక్ష్యంగా నిలబడింది 1981లో. టాంజానియాలో ఓల్డువై లోయలో మేరీ లీకీ తవ్వితీసిన ఎముకల్ని హెన్రీ బన్ ఒక పక్క, ప్యాట్ షిప్‌మన్, రిచర్డ్ పాట్స్ ఇంకో పక్క పరీక్షించారు. రాతి పలుకుతో కోస్తే పడే గాటు సన్నగా, అడుగున కోసుగా ఉంటుంది, లోపల సన్నటి గీతలు కనబడతాయి. పన్ను గీత అడుగున గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కొన్ని ఎముకల మీద రెండూ ఒకదాన్నొకటి దాటాయి. ఏ గీత మీదుగా ఏ గీత పోయిందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే వరస తెలుస్తుంది. కొన్నిచోట్ల ముందు మనిషి, కొన్నిచోట్ల ముందు మృగం. సుమారు 18 లక్షల ఏళ్ల కిందట ఆ చెరువు ఒడ్డున ఎవరు ఎవరి ఎంగిలి తిన్నారనే దాని మీద ఆ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు కొట్టుకున్నారు, ఇంకా పూర్తిగా చల్లారలేదు.

అలాగని వేట అంతా కట్టుకథ అనడం లేదు. జర్మనీలో షోనింగెన్ బొగ్గు గనిలో హార్ట్‌మట్ థీమె 1990లలో చెక్క ఈటెలు బయటపెట్టాడు. వాటి పక్కనే కోసిన గాట్లున్న గుర్రాల ఎముకలు కుప్పలుగా ఉన్నాయి. రెండు మూడు లక్షల ఏళ్ల నాటి సంగతి. ఈటె, గుర్రం, కత్తిగాటు ఒకేచోట. అలాంటి కేసైతే నేను కూడా మారుమాట్లాడకుండా సంతకం పెడతాను.

ఇక మన ఇంటి సంగతి. బేతంచెర్ల అనగానే అందరికీ నాపరాళ్లు గుర్తొస్తాయి. ఆ సున్నపురాతి గుట్టల్లోనే, ఊరికి దగ్గర్లో, బిల్లసర్గం గవులు, అంటే గుహలు, ఉన్నాయి. బేలం గుహలకు వెళ్లే జనంలో నూటికి ఒక్కరు కూడా ఇటు రారు. నేను వెళ్లినప్పుడు లైట్లు లేవు, టికెట్టు లేదు. కొన్నిచోట్ల పైకప్పు ఎప్పుడో కూలిపోయి, గుహ కాస్తా ఇరుకు లోయ అయిపోయింది. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఇక్కడ ఎముకలున్నాయని రాశాడు. 1884లో, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ చొరవతో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. 1863లో పల్లావరంలో రాతి గొడ్డలి గుర్తుపట్టి మన దేశంలో ఆదిమానవుడి చదువుకు శ్రీకారం చుట్టిన ఫుట్ ఈయనే. ఇక్కడ తవ్వకం ఎక్కువగా చేయించింది ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటు. గవులకు చర్చి భాగాల పేర్లు పెట్టుకున్నారు: కెథీడ్రల్ అనీ చాప్టర్ హౌస్ అనీ. ఒకదానికి ఏకంగా పర్గెటరీ అని, అంటే చచ్చాక ఆత్మలు పాపం కడుక్కునే చోటు.

దొరికిన ఎముకల్ని రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో అచ్చువేశాడు. కణితి, దుప్పి, కృష్ణజింక, నీలుగాయి, ముళ్లపంది, దుమ్ములగొండి, ఖడ్గమృగం. అవును, కర్నూలు ఖడ్గమృగం. దానికి రైనోసరస్ కర్నూలియెన్సిస్ అని పేరు కూడా పెట్టాడు. ఫుట్ మాత్రం వాటిలో చాలా ఎముకల్ని మనిషి చెక్కి వాడిన పనిముట్లని నమ్మాడు, ఫ్రాన్సు గుహల్లో దొరికిన వాటితో పోల్చాడు. కానీ వాటితో పాటు రాతి పనిముట్లు దొరకలేదు. జాబితాలో ముళ్లపంది ఉందని చెప్పాను కదా. ముళ్లపంది ఎండిన ఎముకల్ని మోసుకొచ్చి గవిలో పెట్టుకుని కొరుకుతుంది. దాని ముందుపళ్లు పక్కపక్కన వెడల్పాటి గాడులు తీస్తాయి. చూస్తే ఎవరో ఉలి పట్టి చెక్కారనే అనిపిస్తుంది. ఫుట్ ఎముకల్లో ఎన్ని ముళ్లపందివో, ఎన్ని మనిషివో నేను తేల్చలేను. కానీ ముద్దాయిల లైనులో ముళ్లపందిని నిలబెట్టకుండా తీర్పు చెప్పకూడదని నా పట్టు.

నేను అక్కడికి వెళ్లినప్పుడు ఒక గవిలో నేల మీద బూడిదరంగు ఉండలు కనబడ్డాయి. గుడ్లగూబ కక్కినవి. ఒకదాన్ని పుల్లతో విప్పితే వెంట్రుకల చుట్టలోంచి ఎలుక దవడ బయటపడింది, ముందుపన్ను నారింజ రంగులో చెక్కు చెదరకుండా ఉంది. పక్కనే చిన్న చిన్న కాలి ఎముకలు, అగ్గిపుల్ల కంటే సన్నం. నాతో వచ్చిన మేనల్లుడు "మామా, ఇదీ ఆదిమానవుడేనా" అన్నాడు. వాడి వెటకారంలో పాయింటుంది. ఆ పైకప్పు కింద గుడ్లగూబలు లక్ష ఏళ్లుగా కక్కుతూనే ఉంటాయి, ఆ నేల నింపడానికి మనిషి అక్కర్లేదు.

మనిషి గట్టిగా కనబడేది ముచ్చట్ల అనే ఊరి దగ్గర, చింతమాను గవిలో. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి అక్కడ తవ్వితే ఎముక పనిముట్లు రాతి పనిముట్లతో కలిసే దొరికాయి. పొయ్యి ఆనవాలు కూడా దొరికింది. కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17 వేల ఏళ్లని లెక్క తేలింది. ఫుట్ దగ్గర లేనిది ఇక్కడుంది. మూర్తి ఇంకో మంచి పని చేశారు. ఈ ప్రాంతంలో బోయలు, ఎరుకలు, చెంచులు ఏ జంతువును ఎలా పడతారో, వలలూ ఉచ్చులూ ఎలా పన్నుతారో తిరిగి చూసి, దాన్ని గవుల్లో దొరికిన వాటి పక్కన పెట్టి ఆలోచించారు. బ్రెయిన్ మేకల దగ్గరికి పోయినట్టే, ఈయన ఉచ్చుల దగ్గరికి పోయారు. ఉచ్చుతో పట్టిన కుందేలు ఎముక మీద ఈటె దెబ్బ ఉండదు. తాడూ వలా మట్టిలో మిగలవు. మన ప్రాంతపు వేటలో ఎక్కువ భాగం అసలు ఆనవాలే వదలని రకం అని నా అనుమానం.

చివరగా 2014 నాటి పరిశోధన ఒకటి. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం బిల్లసర్గంలో మళ్లీ తవ్వి, ప్యాట్రిక్ రాబర్ట్స్ ముందుండి రాసిన వ్యాసం అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. పొరలకు కొత్త పద్ధతుల్లో వయసులు కట్టారు. గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ల నుంచి, కొన్నయితే రెండు లక్షల ఏళ్ల నుంచి, ఉపఖండంలో ఇప్పటిదాకా ఉంటూనే వచ్చాయి. పోయింది ఒక్కటే, ఇథియోపియాలో ఇప్పటికీ బతికున్న గెలాడా కోతికి చుట్టం. ఇటు అమెరికాల్లో, ఆస్ట్రేలియాలో మనిషి అడుగుపెట్టాక పెద్ద జంతువులు వరసగా మాయమైపోయాయని మనందరం చదువుకున్నదే. ఇక్కడ మనిషి లేడా అంటే ఉన్నాడు. బనగానపల్లె పక్కన జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. తోముడు పొడుల్లో కలపడానికి తవ్వుకుపోయేవారు దాన్ని. ఆ పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లున్నాయి.

అడవి, గడ్డి, గుట్ట, వాగు కలగలిసి, ఒకదాన్నొకటి అంటుకుని ఉండటం వల్ల జంతువులు ఒకచోట ఇబ్బందొస్తే ఇంకోచోటికి జరిగాయని ఆ బృందం అంటుంది. నాకది సబబుగానే ఉంది. ఖడ్గమృగం కర్నూలులో లేదు, అస్సాంలో ఉంది. ఇదంతా చదివి మన పూర్వీకులు ప్రకృతి ప్రేమికులని మురిసిపోయే వాట్సాప్ మెసేజీలు కూడా వచ్చాయి నాకు. అలా అని ఎముకలు ఎక్కడా చెప్పలేదు. పైగా ఈ లెక్క క్షీరదాలది. నిప్పుకోడి మన దగ్గర ఉండేది. ప్రకాశం జిల్లాలో 41 వేల ఏళ్ల నాటి దాని గూడే బయటపడింది. ఇప్పుడు లేదు.

బిల్లసర్గం వెళ్లేవాళ్లకు ఒక మాట. వానాకాలం వద్దు, రాళ్లు జారతాయి. నేల మీద ఎముక కనబడితే పీకి జేబులో వేసుకోకండి, ఏ పొరలో ఉందో తెలియకపోతే దానికి వయసు కట్టలేరు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి కింద కామెంట్లలో పెట్టండి. ఏ జంతువో, ఏ ఎముకో, లేతదో ముదురుదో చాలావరకు చెబుతాను. ఎవరు తిన్నారని మాత్రం ఫొటో చూసి చెప్పమనకండి.